ఒక్క గుర్తు కలవనప్పుడు

నోట్లో దూది చుట్టిన పుల్ల పెట్టి బుగ్గ లోపలివైపు రుద్దాలి. దాన్ని ఆరబెట్టాలి. కాగితపు కవరులో పెట్టి సీలు వేసి, సీలు మీదుగా సంతకం చేయాలి. విదేశీ వీసా, పౌరసత్వం కేసుల్లో డీఎన్‌ఏ నమూనా తీసేవాడి పని చూడడానికి ఇంతే. చురుకైనవాళ్ళు ఒక పూటలో నేర్చుకుంటారు. ఆ పుల్లకి ముందూ వెనకా ఉన్న పని నేర్చుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగేది మొదటిదాని గురించి. నేను రాస్తున్నది రెండోదాని గురించి.

నేను పెథాలజిస్టుని. ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేశాను, తర్వాత నూజివీడులో బస్టాండుకి దగ్గర్లో సొంతంగా ల్యాబు పెట్టుకున్నాను. రోజూ వచ్చేవి షుగరు, థైరాయిడ్, డెంగ్యూ పరీక్షలు. విదేశాల్లోని ల్యాబుల తరఫున డీఎన్‌ఏ నమూనాలు తీసి పంపడం ఎప్పుడో ఒకసారి తగిలే పని. కానీ చిన్నప్పటి నుంచీ రాస్తున్న డైరీల్లో, ఆ ఏళ్ళవి తిరగేస్తే, ఎక్కువ పేజీలు ఆ పనికే పోయాయి. డైరీలో నేను కేసుల వాళ్ళ పేర్లు రాయను. ఇక్కడున్న పేర్లు కూడా నేను పెట్టినవే.

మా పెద్దాయన

ఈ పని నాకు నేర్పింది విజయవాడలో ఒక పెద్దాయన. ఆయన ల్యాబులో కొన్నాళ్ళు చేశాను. అంత శుభ్రంగా పనిచేసే మనిషిని మళ్ళీ చూడలేదు. పాస్‌పోర్టులో ఫొటోని, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చేటప్పుడు చెవులు చూడమనేవారు. జుట్టూ మీసమూ మారతాయి, చెవి మారదు అనేవారు. ప్లాస్టిక్ కవరు వాడనిచ్చేవారు కాదు, చెమ్మ చేరితే బూజు పడుతుందని. ఒక కుటుంబంలో ఒకరి నమూనా సీలు వేశాకే రెండోవారి పుల్ల తెరవాలి. ఇవన్నీ ఇప్పటికీ అక్షరాలా పాటించాల్సినవే. నూజివీడు వచ్చాక నేను చేర్చుకున్నది ఒక్కటే. సీజన్లో పిల్లలు మామిడిపండు చీకుతూ వస్తారు కాబట్టి నోరు పుక్కిలింపించి కాసేపు కూర్చోబెట్టాలి.

ఒకసారి ఒక తండ్రి ఆయన్ని అడిగాడు: "ఈ పరీక్షలో ఏమేం తేలుతుందండీ?"

"అది మేం చెప్పకూడదండీ. నోరు తెరవండి."

అతను వెళ్ళాక నా మొహం చూసి, "ఏంటయ్యా అలా చూస్తున్నావ్? మన పని పుల్ల వరకే. వాళ్ళింటి సంగతుల్లోకి మనం వెళ్ళకూడదు" అన్నారు.

"మనం పంపే పుల్ల వెళ్తుంది కదండీ వాళ్ళింట్లోకి" అన్నాను.

"నువ్వు డాక్టరువా, ప్లీడరువా?" అని నవ్వేశారు.

ఆయన భయం ఉత్తది కాదు. నమూనా తీసేవాడు ఎక్కువ మాట్లాడితే రేపు ఎవరో ఒకరు పక్షపాతం అంటారు. అయినా ఆయన రెండు వేరు వేరు విషయాల్ని ఒకటిగా చూశారని నా అభిప్రాయం. ఫలితం గురించి మనం మాట్లాడకూడదు, నిజమే. ఈ పరీక్ష ఏమేం ప్రశ్నలు లేవనెత్తగలదో ముందుగా చెప్పడం మాత్రం మన పనే. ఆపరేషనుకి ముందు చెప్పమా? ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ కోత పడితే ఒంటి మీద కనపడదు.

ఎవరిని అడుగుతారు

అందరినీ అడగరు. ఆసుపత్రిలో పుట్టి, వారంలోపు జనన ధ్రువపత్రం వచ్చిన పిల్లల జోలికి మామూలుగా ఎవరూ రారు. ఇంట్లో పుట్టినవాళ్ళు, ఆలస్యంగా నమోదైనవాళ్ళు, ఒక కార్డులో ఒక పేరూ మరో కార్డులో మరో పేరూ ఉన్నవాళ్ళు వస్తారు నా దగ్గరికి. ఏ నేరం చేశారని కాదు. కాగితం సరిగ్గా లేదు కాబట్టి ఒంట్లోంచి సాక్ష్యం ఇమ్మంటారు.

ఒక దేశం తన పౌరుడి బిడ్డ ఎవరో తెలుసుకోవాలనుకోవడం తప్పని నేను అనను. పిల్లల్ని దొంగ కాగితాలతో దాటించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని ఆపాల్సిందే. మేలు జరిగిన కేసులూ చూశాను. మైలవరం వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. తల్లి విదేశంలో వృద్ధుల్ని చూసుకునే పనిలో స్థిరపడింది. అతని దగ్గర తల్లీకొడుకులని చూపే కాగితం ఒక్కటీ లేదు. వరదలో పోయాయి. పుల్ల పంపాం, రిపోర్టు వచ్చింది, ఏళ్ళ తరబడి కదలని ఫైలు కదిలింది. అందుకే ఈ పరీక్షని తిట్టేవాళ్ళతో నేను పూర్తిగా కలవలేను.

నాకు మింగుడుపడనిది ఒకటే. అంగీకార పత్రంలో 'నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను' అని ఉంటుంది. ఇవ్వకపోతే ఫైలు మూసేస్తారు. అలాంటిదాన్ని ఇష్టం అనడానికి నాకు నోరు రాదు. చట్టం ఎలాగూ మన చేతిలో లేదు. మన బల్ల దగ్గర కూర్చున్నంతసేపైనా ఆ మాటకి కొంత అర్థం తేవచ్చు. అది ఎలాగో నాకు చూపించింది ఆగిరిపల్లి దగ్గర ఒక కుటుంబం.

ఆగిరిపల్లి వాళ్ళు

మామిడి తోటలున్న రైతు కుటుంబం. ఇంటి పెద్ద సామ్రాజ్యమ్మ గారు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మురళి పెళ్ళి చేసుకోలేదు, తోటలు చూసుకుంటాడు. చిన్నవాడు కిశోర్ విదేశంలో లారీ నడుపుతాడు, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. కిశోర్ భార్య లావణ్య సామ్రాజ్యమ్మ గారికి స్వయానా తమ్ముడి కూతురు. మేనరికం. వాళ్ళ పాప మేఘన రెండో తరగతి.

పాప ఇంట్లోనే పుట్టింది. తండ్రి సెలవు మీద వచ్చాక బారసాల చేసి, పేరు పెట్టాక నమోదు చేయిద్దామని ఆగారు. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తండ్రి వచ్చేసరికి ఏడాది దాటింది, ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ ఆలస్యమే ఎంబసీ వాళ్ళ కంట్లో పడింది. పాపకి తండ్రి ద్వారా పౌరసత్వం రావాలంటే ఆమె కిశోర్ బిడ్డే అని డీఎన్‌ఏ ద్వారా చూపించమన్నారు. తండ్రి నమూనా అక్కడ తీశారు, పాపది నేను తీశాను. తల్లిది అక్కర్లేదన్నారు. భార్యాభర్తలది మేనరికం అని ఫారం అడుగున నేను చేత్తో రాశాను. దానికంటూ అక్కడ గడి లేదు. గడి లేనిది అవతల ఎవరూ చదవలేదు.

కొన్ని వారాలకి ల్యాబు నుంచి మెయిలు వచ్చింది. తండ్రీబిడ్డల మధ్య పోల్చిన డీఎన్‌ఏ గుర్తుల్లో ఒక్కటి తప్ప అన్నీ కలిశాయి. తండ్రి నుంచి బిడ్డకి దిగేటప్పుడు ఒకచోట చిన్న మార్పు రావడం ఉన్నదే, ఈ పని తెలిసినవాళ్ళెవరూ కంగారుపడరు. కానీ సొంత అన్నదమ్ములకి చాలా గుర్తులు ఒకటే ఉంటాయి కాబట్టి, ఆ దారి కూడా మూసేదాకా ల్యాబు తేల్చి చెప్పదు. అందుకని అడిగారు: ఈయన సోదరుడు తండ్రి అయ్యే అవకాశం ఏమైనా ఉందా? ఉంటే అతని నమూనా కూడా పంపగలరా?

ల్యాబులో అది రోజువారీ ప్రశ్న. ఆగిరిపల్లిలో కాదు. మేనరికం ఇళ్ళలో అన్నదమ్ములిద్దరూ పిల్లకి బావలే. లావణ్యని మొదట అనుకున్నది పెద్దవాడికి. చిన్నవాళ్ళిద్దరి మనసూ ఒకటని గమనించి మురళే తప్పుకున్నాడు. ఆ సంగతి ఊరంతా తెలుసు, పెళ్ళిలో దాని మీద హాస్యాలు కూడా ఆడారు.

ఆ మెయిలు ముందు వెళ్ళింది కిశోర్‌కి. లారీలో ఉన్నాడు. చదవకుండానే 'అన్నయ్యా, ల్యాబు వాళ్ళేదో పంపారు, చూడు' అని వాట్సాప్‌లో మురళికి తోసేశాడు. మా వైపు ఇంటి కాగితాలన్నీ ఒకరి చేతిలోనే ఉంటాయి. పాసుపుస్తకాల నుంచి గ్యాసు బుక్కు దాకా ఆ ఇంట్లో అన్నీ మురళివే. నాలుగో రోజున సామ్రాజ్యమ్మ గారు నా ఎదురుగా కూర్చుని చెప్పిన మాటలు ఇవి:

"వరండాలో కూర్చుని పైకి చదివి నాకు తెలుగులో చెప్తున్నాడండీ. 'అన్నీ కలిశాయంట అమ్మా, ఒక్కటే కలవలేదంట' అన్నాడు. తర్వాత ఆగిపోయాడు. చదవరా అన్నాను. చదవడు. ఏంట్రా, ఇంకా ఏవన్నా కాయితాలు తెమ్మన్నారా అన్నాను. ఫోను నా ఒళ్ళో పడేసి బండేసుకుని వెళ్ళిపోయాడు. నాకా ఇంగ్లీషు రాదు. లావణ్య వచ్చి చదివింది."

"ఏమంది?"

"ఏమంటది? ఫోను ఛార్జింగుకి పెట్టి వంటింట్లోకి పోయింది."

మురళి ఆ రోజు నుంచి తోటలో షెడ్డులోనే ఉంటున్నాడు. భోజనమూ అక్కడే. "కోత రోజులు కదా, తోటలో ఉండాలంటాడు. ప్రతి ఏడూ కోత ఉంది, ప్రతి ఏడూ ఇంటికొచ్చే తిన్నాడు. కూలోళ్ళు చూస్తున్నారండీ, వాళ్ళకి నోళ్ళు లేవా?"

ఆవిడకి విషయం విడమరిచి చెప్పాను. ఒక గుర్తు కలవకపోవడం వింత కాదు. దంపతులు దగ్గర చుట్టాలు కాబట్టి తల్లి నమూనా కూడా ఉంటే ఏది ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఇంకొన్ని గుర్తులు చూస్తే తేలిపోతుంది అన్నాను.

"ఎటు నుంచి వచ్చేదేంటండీ?" అంది ఆవిడ. "మేఘన ముక్కు మా నాన్నది. కొడుకు వైపు నుంచి దిగినా మా నాన్నదే, కోడలి వైపు నుంచి దిగినా మా నాన్నదే. మీ ల్యాబోడికి ఆ మాట రాయండి!"

సంగతి అదే. అంత సూటిగా ఏ ఫారంలోనూ లేదు.

అదే రోజు మధ్యాహ్నం మురళి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "నా నోట్లో పుల్ల పెట్టండి డాక్టరుగారూ, తేలిపోద్ది."

ల్యాబు అడిగింది. అతను పెద్దవాడు, తనంతట తను వచ్చాడు. నిబంధనల ప్రకారం తీసుకోవడానికి అడ్డేమీ లేదు, పని త్వరగానూ అయిపోతుంది. మా పెద్దాయనైతే కవరు తెరిచేవారే. నేను రెండు రోజులు ఆగమన్నాను. ఆ పుల్ల చెప్పబోయేది అతనొక్కడి గురించే కాదు. లావణ్యని అడగకుండా తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు.

లావణ్య అడిగింది

లావణ్య పాపని తీసుకుని వచ్చింది. పాపని బయట మా ల్యాబు అమ్మాయిల దగ్గర కూర్చోబెట్టి ఒక్కతే లోపలికి వచ్చింది.

"పెద్ద బావ పుల్ల ఇస్తానన్నాడంట కదండీ?"

"అవునమ్మా."

"తీసుకోవద్దండీ. ఆయన ఇచ్చాడంటే, వాళ్ళడిగినదాంట్లో ఏదో ఉందని మేమిద్దరం ఒప్పుకున్నట్టే కదా. తర్వాత కాదని వచ్చినా, ఒకసారి చూసి తేల్చుకున్నారంట అన్న మాట ఊళ్ళో ఉండిపోద్ది. మేఘన పెద్దయ్యాక కూడా."

"అయితే ఆయనది వద్దు. నీది ఇస్తే సరిపోవచ్చు."

"నాది తీసుకోండి. నేను తల్లినే, దాంట్లో నామోషీ ఏం లేదు. కానీ ఇవాళ కాదు. చిన్న బావ ఇంతవరకూ ఏమీ అనలేదండీ. 'ల్యాబు వాళ్ళు ఏం చెప్తారో చూద్దాం' అన్నాడు, అంతే. రిపోర్టు మంచిగానే వస్తది, నాకు తెలుసు కదా. వచ్చాక ఫోన్ చేసి, నాకు ముందే తెలుసులే అంటాడు. నాకది వద్దు. రాకముందే చెప్పాలి. అత్తయ్యకి చెప్పాలి, వాళ్ళన్నయ్యకి చెప్పాలి. వచ్చాక చెప్తే అది ఆయన మాట కాదండీ, ల్యాబు మాట."

"చెప్పకపోతే?"

"నేనూ పాపా ఇక్కడే ఉంటాం. రెండో తరగతి ఇక్కడా ఉంది."

ఎంబసీ ఇచ్చిన గడువు దాటితే ఫైలు మూసేస్తారని, పాప పౌరసత్వం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలని చెప్పాను. అది చెప్పడం నా బాధ్యత. తెలుసండీ అంది. కిశోర్‌తో మాట్లాడవచ్చా అని అడిగాను.

"సైన్సు చెప్పండి. నేనడిగింది మాత్రం చెప్పకండి. అది ఆయనకే తోచాలి."

ఒప్పుకున్నాను. కిశోర్‌కి ఫోన్ చేసి ఆ ఒక్క గుర్తు సంగతి, మేనరికం సంగతి చెప్పాను. మంచివాడే. వింటున్నంతసేపూ ఊ కొట్టాడు. చివర్లో, "సార్, మా అన్నయ్య ఇంటికి అన్నానికి రావట్లేదంట, నిజమేనా?" అన్నాడు.

"తోటలోనే ఉంటున్నాడు."

"ఆ మెయిలు చదవకుండా పంపాను సార్. చదివుంటే పంపేవాణ్ణి కాదు."

"చదివుంటే ఏం చేసేవాడివి?"

"దాచేవాణ్ణేమో సార్" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నేను మార్చుకున్న పద్ధతి

గడువు దగ్గర పడుతోంది. ఆ రోజుల్లో నా ల్యాబు పద్ధతి మళ్ళీ రాసుకున్నాను. కొత్తవాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

పుల్ల తెరిచే ముందు కుటుంబాన్ని బొమ్మగా గీయండి. మేనరికమా, పెంపకమా, రెండో పెళ్ళా, అడగండి. ఫారంలో గడి లేకపోతే ఫారం మీద రాసి ఊరుకోకండి, ల్యాబుకి విడిగా మెయిలు చేసి, చదివామని జవాబు వచ్చేదాకా నమూనా పంపకండి. పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి, ఎందుకంటే అత్తగారి పక్కన కూర్చుని అవునన్న కోడలి అవును మీకు చాలదు. ఫలితం 'అవును', 'కాదు' మాత్రమే కాదని, 'ఇంకా తేలలేదు' అని కూడా రావచ్చని, అప్పుడు ల్యాబు ఎలాంటి ప్రశ్న అడుగుతుందో ముందే చెప్పండి. వచ్చినది మీ ఇంట్లో ఎవరు చదువుతారు అని తప్పకుండా అడగండి. అందరూ తేలిగ్గా తీసుకునే ప్రశ్న అదే. ఆ ఇంటికి జరిగిన నష్టమంతా ఆ ఒక్కదాంట్లోంచే వచ్చింది. ఇంకొకటి. మనసు మార్చుకోవడానికి టైం ఇవ్వండి. ఇవాళ వద్దు అన్నవాళ్ళని ఆ మాటకి చిన్నబుచ్చకండి.

ఇదంతా పెద్ద ల్యాబుల్లో ఎవరు చేస్తారండీ అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. చేస్తున్నారు. నేను మొదలుపెట్టిన రోజుల్లో జన్యు సలహాదారు అన్న ఉద్యోగమే మా వైపు ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ అమ్మాయే ఆ చదువు చదువుతోంది. ఈ కేసు గురించి నేను రాసిన మెయిలు చూసి ఆ విదేశీ ల్యాబు వాళ్ళు కూడా ఫారంలో 'తల్లిదండ్రులు దగ్గర బంధువులా?' అని ఒక ప్రశ్న చేర్చారు. చిన్న విషయమే, కానీ ఎన్ని ఇళ్ళకి ఇలాంటి మెయిలు రాకుండా ఆపుతుందో.

వాళ్ళు మళ్ళీ వచ్చారు

గడువు ఇక మూడు వారాలే మిగిలాక ఒక ఉదయం సామ్రాజ్యమ్మ గారు, లావణ్య కలిసి వచ్చారు. పెద్దావిడ కూర్చోకముందే మొదలుపెట్టింది.

"నిన్న చేశాడండీ చిన్నోడు. నాకు చేసి, ఫోను తోటకి తీసుకెళ్ళమ్మా, అన్నయ్య నా ఫోను ఎత్తట్లేదు అన్నాడు. ఆటో ఎక్కి వెళ్ళాం. కూలోళ్ళందరూ అక్కడే కాయ ఏరుతున్నారు. పక్కకి రారా అంటే రాడు పెద్దోడు. సరే అక్కడే స్పీకరు పెట్టాను."

"అందరి ముందా?"

"అందరి ముందే. 'అన్నయ్యా, మేఘన నా కూతురు. ఆ రిపోర్టు వచ్చినా, రాకపోయినా. ఎవడో తెలీక అడిగాడని నువ్వు అన్నం మానేస్తే, తెలిసినవాళ్ళు కూడా అడుగుతారు. ఇంటికెళ్ళు. కాదని వస్తే ల్యాబుని మారుస్తా గానీ కూతుర్ని మారుస్తానా' అన్నాడండీ." ఆవిడ అప్పుడు కూర్చుంది. "వాడి జన్మలో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలా."

"మురళి ఏమన్నాడు?"

లావణ్య చెప్పింది: "బుట్టలు లెక్క చూసుకోవాలి అన్నాడు. రాత్రికి మేఘనని పంపాను. 'పెద్దనాన్నా, నాన్నమ్మ నీక్కూడా వడ్డించేసింది, చల్లారిపోతే మళ్ళీ నన్నే తిడద్ది' అందంట. వచ్చాడు." ఆమె తనే కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుంది. "ఇప్పుడు తీసుకోండి."

పాస్‌పోర్టు చూశాను, చెవులు చూశాను, పుల్ల తెరిచాను.

గడువులోపే ఫలితం వెళ్ళింది. కిశోరే తండ్రి. ఆ ఒక్క గుర్తు తండ్రి నుంచి దిగేటప్పుడు మారిందని, తల్లి నమూనాతో స్పష్టమైందని రాశారు. సోదరుడి ప్రస్తావన రిపోర్టులో లేదు. పాప పౌరసత్వం ఖాయమైంది, వచ్చే బడి ఏడాదికి తల్లీబిడ్డలిద్దరూ వెళ్ళడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

కుటుంబానికి రావాల్సిన కాపీ ఈసారి నా దగ్గరికి తెప్పించాను. లావణ్యకి ఫోన్ చేస్తే బజారు పని మీద వచ్చి ఆగింది. కవరు అందించాను. తీసుకోలేదు.

"ఎంబసీకి వెళ్ళింది కదండీ?"

"వెళ్ళింది."

"అయితే మీ దగ్గరే ఉంచండి. మా ఇంట్లో ఈ సంగతి అయిపోయింది."

ఒకసారి చదువుకోవచ్చు కదా అనబోయి ఊరుకున్నాను. చదవకపోవడం కూడా ఆమె హక్కే.

బయట నుంచి మురళి కేక వేశాడు. "లావణ్యా, కాయ లారీకి ఎత్తే టైమైందమ్మా!" ఆమె గబగబా మెట్లు దిగింది. బండి దగ్గరే ఉన్న మేఘనని మధ్యలో కూర్చోబెట్టుకుని మురళి వెనక ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అదివరకు ఎప్పుడూ వెళ్ళినట్టే, మిట్టమధ్యాహ్నం, బజారంతా చూస్తుండగా ముగ్గురూ ఒకే బండి మీద సెంటరు మీదుగా ఆగిరిపల్లి రోడ్డెక్కారు.